తదుపరి ఉత్తర్వుల వరకు

మా తమ్ముడు మునికుమార్ తలలో పేలు లేవు. ఉన్నాయని ఊళ్లో కొందరు చెప్పుకున్నారు కాబట్టి ముందుగా ఆ సంగతి తేల్చేస్తున్నాను. జుట్టు మాత్రం ఉండేది. భుజాలు దాటి వీపు మీద పడేది. వాడు ఆటో తోలుకుంటూ పోతుంటే వెనక నుంచి చూసినవాళ్లు "అమ్మా, అలిపిరికి వస్తావా" అని పిలిచేవాళ్లు. వాడు ఇటు తిరిగేసరికి మీసం కనబడి జడుసుకునేవాళ్లు. ఆ జుట్టు వాడు సోకు కోసం పెంచింది కాదు. ఢిల్లీలో పెద్ద కుర్చీల్లో ఉండే దొరలు ఆ కుర్చీల్లో కుదురుగా కూర్చోకపోవడం వల్ల పెరిగింది.

నా పేరు ప్రశాంతి. పేరుకూ నాకూ ఏ సంబంధమూ లేదని మా ఆయన అంటాడు. ఏర్పేడు దగ్గర గుండ్లపాళెంలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. పుట్టిందీ మెట్టిందీ ఆ ఊళ్లోనే. మా పుట్టింటి గొడవ ఏదైనా నా మిషను శబ్దం కంటే ముందు నా చెవిన పడుతుంది.

మా ఊరికీ అవతలి కోనపాళేనికీ మధ్య ఒక వాగు ఉంది. ఏడాదిలో చాలా భాగం అది వట్టి ఇసుక. వానలు పట్టాయంటే మాత్రం బురదలో పొర్లే ఎనుమును కూడా నిలబడనీయదు. అప్పుడు అవతలికి పోవాలంటే చుట్టూ తిరిగి రోడ్డు పట్టుకోవాలి, ఆ తిరగడంలోనే పొద్దు గూకుతుంది. ఆ వాగు మీద కేంద్రం వాళ్లు వంతెన కట్టారు. ఏ శాఖో చెప్పను. చెబితే మా ఊరి కాగితాలే ముందు అటక ఎక్కుతాయి. వంతెన బాగానే కట్టారు. రంగు వేశారు, దీపాల స్తంభాలు నాటారు, చివరికి రెండు కొసల్లోనూ అడ్డంగా రేకులు కట్టి వెళ్లిపోయారు. ఎందుకని అడిగితే ఇంకా ప్రారంభం కాలేదన్నారు. మంత్రిగారు వచ్చి రిబ్బను కత్తిరించాలట.

ఎండాకాలమంతా మేము ఆ వంతెన కింద ఇసుకలో నడిచి అవతలికి పోయేవాళ్లం. నీడ మాత్రం చల్లగా ఉండేది, అబద్ధమెందుకు.

మంత్రిగారి తేదీ వచ్చింది. షామియానా వేశారు. ఆ వేసిన సాయంత్రమే ఢిల్లీలో మంత్రివర్గం మారింది. మా మంత్రిగారికి ఇంకేదో శాఖ ఇచ్చారు. వచ్చిన కొత్తాయనకు మా వంతెన ఎక్కడుందో తెలిసే లోపల ఆయన్నీ కదిలించారు. షామియానా గుడ్డ ఎండకు వెలిసిపోయాక వంతెన పనులు చూసే ఇంజనీరు గిరిప్రసాద్ మా ఊరికి వచ్చాడు. కుప్పయ్య కాఫీ అంగడి ముందు బండి ఆపి అందరికీ చెప్పాడు.

"ఇంక మంత్రుల్తో పెట్టుకోం. వాళ్లు ఈ పొద్దుంటారు, రేపు ఉండరు. డైరెక్టుగా శాఖ కార్యదర్శిగారే వస్తా ఉండారు. ఆయన ఆఫీసరు. స్థిరంగా ఉంటారు."

స్థిరంగా అన్న మాటను బాగా నొక్కి చెప్పాడు. ఆ మాటను మేమూ నమ్మాం. దానికి తోడు ఆ కార్యదర్శి మా చిత్తూరు మనిషి. పేరు యోగానంద. చిత్తూరు బజారులో వాళ్ల నాయనకు బెల్లం మండీ ఉండేదని, ఈయన చిన్నప్పుడు ఆ మూటల మీద కూర్చునే చదువుకున్నాడని కుప్పయ్య చెప్పాడు. కుప్పయ్య ఆ మండీని చూసింది లేదు. అయినా మా అందరికీ ఆ బెల్లం మూటలు కళ్ల ముందు కనబడ్డాయి. మనోడు ఢిల్లీలో అంత ఎత్తున కూర్చున్నాడంటే గుండెలు ఉప్పొంగవా మరి.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా తమ్ముడికి సంబంధం కుదిరింది. కుదిరింది అని పెద్దవాళ్లు అనుకున్నారు గానీ, అది వాళ్లిద్దరూ ముందే కుదుర్చుకున్న సంగతి నాకు తెలుసు. పిల్ల పేరు హేమశ్రీ, కోనపాళెం పిల్ల. రేణిగుంటలో ఒక గోడౌన్లో సూపర్‌వైజరు. రోజూ పొద్దున మా వాడి ఆటోలోనే పోయేది. మాట తక్కువ, చూపు ఎక్కువ. నాకు ఆ పిల్ల మొదటి రోజు నుంచే నచ్చింది.

పిల్ల తండ్రి ధనంజయ మంచివాడే గానీ మొండివాడు. మా ఇంటికి వచ్చి కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి తన షరతు చెప్పాడు.

"పిల్లోడి మీద నాకేం లేదు మునిరామయ్యా. ఆ వాగు మీదనే. వానల్లో నా కూతురికి జొరమొస్తే నేను ఆ గడ్డన నిలబడి ఈ గడ్డన ఉండే ఇంటిని సూస్తా ఉండాల్నా? వంతెన తెరిసిన రోజు ముహూర్తం పెట్టుకుందాం. తెరవకపోతే లేదు."

మా నాయన మునిరామయ్య సరేనన్నాడు. కార్యదర్శి వచ్చే తేదీ అప్పటికే ఖాయమైంది కదా, ఇంకేం భయం. అందరం అట్లాగే అనుకున్నాం. మా వాడికి మాత్రం ఆగలేదు. తడి బట్టలతో వాకిట్లోకి వచ్చి కొండవైపు తిరిగి దండం పెట్టాడు.

"సామీ, చిత్తూరు యోగానంద సారొచ్చి మా వంతెన తెరిసేదాకా నా తలకు కత్తెర తగలనీను. తెరిసినంక నీ కొండకొచ్చి నీలాలిచ్చుకుంటాను. ఆ తరవాతనే తాళి కడతాను."

వట్టి వంతెన తెరిస్తే అని మొక్కుకున్నా సరిపోయేది. పేరు పెట్టి, ఊరు పెట్టి మొక్కుకున్నాడు వెధవ. మన చిత్తూరాయన అన్న పొంగు. ఆ మాట నోట్లోంచి వచ్చినప్పుడు నేను పక్కనే బట్టలు ఆరేస్తున్నాను. వాడి నోరు మూసి ఉండాల్సింది.

ఆయన రావాల్సిన ముందు రోజు గిరిప్రసాద్ మళ్లీ వచ్చాడు. ఈసారి బండి దిగలేదు.

"సార్‌ను ఇంకో శాఖకు మార్చినారు" అన్నాడు.

"మొన్ననే కదప్పా ఆయన్ని ఇంకా కొన్నాళ్లు ఉండమని ఆర్డరొచ్చింది అంటివి?" అన్నాడు కుప్పయ్య.

"వచ్చింది. రిటైరు కావాల్సినాయనకి మూడు నెలలు పొడిగించినారు. అయితే ఆ ఆర్డర్లోనే రాసుండాది. మూడు నెలలు, లేదా తదుపరి ఉత్తర్వుల వరకు, ఏది ముందయితే అది అని. ఉత్తర్వులే ముందయినాయి."

"మరి స్థిరంగా ఉంటాడంటివే" అన్నాను నేను.

"ఆఫీసరుగా స్థిరంగానే ఉంటాడక్కా. మన శాఖలో ఉండడు" అని బండి తిప్పుకుని పోయాడు.

ఆ పొద్దు నుంచి మా ఊళ్లో పెద్ద తగువు మొదలైంది. మా వాడు మొక్కింది మనిషికా, కుర్చీకా. కుర్చీకే అయితే రేపు వచ్చే కొత్త కార్యదర్శి తెరిచినా మొక్కు చెల్లుతుంది. మనిషికే అయితే యోగానందే రావాలి, ఆయనకేమో ఇక మా వంతెనతో పని లేదు. కుప్పయ్య అంగట్లో రెండు పార్టీలు లేచాయి. కుర్చీ పార్టీ వాళ్లు బెంచీ మీద, మనిషి పార్టీ వాళ్లు అరుగు మీద. ఎన్నికలప్పుడు కూడా మా ఊళ్లో ఇంత గట్టిగా వాదించుకోలేదు.

మా నాయన మనిషి పార్టీ. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు.

"మొక్కు పేరు మీద పోయింది. పేరు మారితే మొక్కు మారదు" అన్నాడు ఇంటికొచ్చి, పడక్కుర్చీలో వెనక్కి వాలి. "ఇదో, మీ అమ్మ నన్ను కట్టుకునింది. రేపు నేను లేకపోతే ఈ కుర్చీలో ఎవుడు కూర్చుంటే వాడు దానికి మొగుడైతాడా?"

"ముందు నువ్వు ఆ కుర్చీలోంచి లెయ్" అంది మా అమ్మ జ్ఞానాంబ లోపల్నుంచి. "ఎనుములకు నీళ్లు పెట్టాల. ఆ పని ఏ పేరుగలోడు చేసినా నాకు ఒకటే."

మా అమ్మ కుర్చీ పార్టీ అని నాకు అప్పుడే అర్థమైంది. కానీ ఇంట్లో చెల్లేది నాయన మాటే. మొక్కు తీరకుండా తాళి కట్టేది లేదని తెగేసి చెప్పాడు. మా వాడికీ భయమే. దేవుడి దగ్గర మాట తప్పితే ఆ పిల్లకు ఏమైనా అవుతుందేమోనని వాడి బెంగ. తన కోసం భయపడి ఉంటే నాలుగు తిట్టి మంగలి గోవిందు ముందు కూర్చోబెట్టేదాన్ని. హేమశ్రీ కోసం భయపడుతున్నవాణ్ని ఏమనగలను.

కొత్త కార్యదర్శి వచ్చాడు. ఉత్తరాది ఆయన. మా వంతెనకు తేదీ ఇచ్చాడు. తేదీ రాకముందే ఆయనకు ఇంకా పెద్ద పదవి వచ్చి వెళ్లిపోయాడు. ఆ తరువాతి ఆయన వచ్చేనాటికే రిటైర్మెంటు గడపలో ఉన్నాడు. శాఖ ఎట్లా నడుస్తుందో తెలుసుకునే లోపల శాలువా కప్పి పంపించేశారు. ఆ తరువాత కుర్చీ ఖాళీగా ఉంది. పక్క శాఖ ఆయన దీన్ని కూడా చూసుకుంటాడన్నారు. ఆయనకు తన శాఖే చూసుకునే తీరిక లేదట.

ప్రతి కార్యదర్శి పేరుతోనూ ఒక నల్లరాతి ఫలకం చెక్కించారు. పనికిరాకుండా పోయిన మొదటి ఫలకాన్ని, యోగానంద పేరున్న దాన్ని, కుప్పయ్య ఇటుకల మీద వేసి బెంచీ చేసుకున్నాడు. చల్లగా ఉంటుందని అందరూ దాని మీదే కూర్చునేవాళ్లు. కుర్చీ పార్టీ వాళ్లు కూడా.

ఊళ్లో మాటతీరే మారిపోయింది. ఢిల్లీలో ఎవరినైనా కొత్తగా వేశారని టీవీలో వస్తే, మునుపు ఆయన ఏ ఊరు, ఏ చదువు అని అడిగేవాళ్లు. ఇప్పుడు ఒకటే ప్రశ్న, "ఆయనకు ఇంకా ఎంత సర్వీసుండాది?" కుప్పయ్య అయితే టీవీలో మొహం చూసి చెప్పేసేవాడు, "ఈయన వానాకాలం దాటడు" అని. ఎక్కువసార్లు నిజమే అయ్యేది. ధనంజయ మా ఇంటికి జాతకాలు చూపించడానికి వస్తూ పిల్లది, పిల్లోడిది, వాటితోపాటు కార్యదర్శి పుట్టిన తేదీ కూడా తెచ్చాడు. పంచాంగం చూసే అయ్యవారు మూడూ పక్కన పెట్టి చూసి, పిల్లకూ పిల్లోడికీ దివ్యంగా కుదిరింది, మూడో ఆయనతోనే పొసగడం లేదన్నాడు.

ఇదంతా తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు నవ్వు రాలేదు. ఒక వానాకాలం గడిచింది. హేమశ్రీ అవతలి గట్టున నిలబడి ఉండేది, మా వాడు ఇవతల. మధ్యలో దీపాలతో సహా వంతెన. ఇంకో వానాకాలం కూడా అట్లాగే పోయింది. వాడి జుట్టు కళ్లల్లో పడి ఆటో తోలడం కష్టమవుతుంటే ఆ పిల్ల తన తలలోని క్లిప్పు తీసి ఇచ్చింది. ఎర్ర క్లిప్పు. వాడు సిగ్గు లేకుండా పెట్టుకు తిరిగాడు. నవ్వినవాళ్లను నేను ఊరికే వదల్లేదు.

ఈ ఏడు ఉగాది వెళ్లాక ధనంజయ మా ఇంటికి వచ్చాడు. కాఫీ ఇస్తే వద్దన్నాడు.

"సంద్రగిరి నుంచి ఒక సంబంధం వచ్చింది. మంచోళ్లు. నేనింక ఎంతకాలమని ఆగేది? ఆషాడం లోపల మీ వంతెనా, మీ మొక్కూ తేలితే సరే. తేలకపోతే నన్ను తప్పు పట్టొద్దు."

మనిషి పార్టీ నాయకుడైన మా నాయన తల వంచుకుని కూర్చున్నాడు. రాత్రి అన్నం దగ్గర మా వాడు కంచంలో చెయ్యి పెట్టి అట్లాగే ఉండిపోయాడు. ఎవరి మీద కోప్పడాలో తెలిస్తే బాగుండేది. తిట్టడానికి కూడా ఒక మనిషి స్థిరంగా ఉండాలి కదా.

ఆ తరువాత కొన్నాళ్లకు నేను తిరుపతిలో లైనింగు గుడ్డలు తీసుకుని మా వాడి ఆటోలోనే తిరిగి బయలుదేరాను. అలిపిరి దగ్గర ఒక పెద్దాయన చెయ్యెత్తాడు. తెల్లచొక్కా, చేతిలో చిన్న బ్యాగు, నుదుట నామం. రేణిగుంట విమానాశ్రయానికి పోవాలన్నాడు. దారేగా అని మా వాడు ఆపాడు. ఆయన వచ్చి ఆటో పక్కన నిలబడ్డాడు. ఎక్కడు. నిలబడే ఉన్నాడు. ఎవరో వచ్చి తలుపు తీస్తారని చూస్తున్నాడని నాకు కొంచెం సేపటికి తెలిసింది. ఆటోకు తలుపు ఉండదని ఆయనకూ కొంచెం సేపటికి తెలిసింది. నవ్వుకుంటూ ఎక్కాడు.

కరకంబాడి రోడ్డెక్కాక నేనే మాట కలిపాను. నాకు ఊరుకుండటం చేతకాదు.

"దర్శనం బాగా జరిగిందా సార్?"

"జరిగిందమ్మా. మొక్కు ఒకటి బాకీ ఉండిపోయింది. తీర్చుకున్నాను."

తల చూశాను. జుట్టు నిండుగా ఉంది. ఆయన నా చూపు పసిగట్టాడు.

"గుండు కాదమ్మా. మూడు కత్తెర్లు ఇచ్చాను" అన్నాడు. ముందు వైపు మూడు చోట్ల కొంచెం కొంచెం కత్తిరించారు, అంతే. "ఉద్యోగంలో ఒక ఏడాది పొడిగింపు వస్తే గుండు కొట్టించుకుంటానని మొక్కుకున్నాను. మూడు నెలలే ఇచ్చారు. మూడు నెలలకు మూడు కత్తెర్లు. అసలు ఆ మూడు నెలలు కూడా ఆ కుర్చీలో పూర్తిగా ఉండనీయలేదు. న్యాయంగా అయితే ఒకటిన్నర కత్తెర ఇవ్వాలి. దేవుడితో లెక్కలెందుకని ఇచ్చేశాను."

"యాడ ఉద్యోగం సార్?"

"ఢిల్లీలో. మాది చిత్తూరే. బెల్లం మండీ యోగానంద అంటే పాతోళ్లకు తెలుస్తుంది."

మా వాడు వేసిన బ్రేకుకు నా లైనింగు గుడ్డలు రోడ్డు మీద పడ్డాయి. బెల్లం మండీ నిజమే అన్నమాట. కుప్పయ్యకు నేను క్షమాపణ చెప్పుకోవాలి.

మునికుమార్ దిగి వచ్చి ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు, తలలో ఎర్ర క్లిప్పు. పాపం ఆ పెద్దాయన భయపడిపోయాడు. గుడ్డలు ఏరుకుంటూనే జరిగిందంతా నేను చెప్పాను. వంతెన, రేకులు, ధనంజయ, చంద్రగిరి సంబంధం, ఆషాఢం. ఆయన వింటూ వింటూ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"గుర్తుందమ్మా ఆ వంతెన. నేను సంతకం చేసిందే. కానీ ఇప్పుడు నా చేతుల్లో ఏముంది? ఆ ఆఫీసుకు పోతే నన్నే గేటు దగ్గర నిలబెట్టి ఎవరు కావాలని అడుగుతారు. పోయిన నెల అడిగారు కూడా. నేను మీ వంతెన తెరిస్తే చెల్లదు."

"ఆఫీసుకు చెల్లకపోతే మాకేం సార్. దేవుడికి చెల్లితే చాలు" అన్నాను. "మీ తరవాత ఎంతమంది వచ్చినారో, పోయినారో. మా వాడు వాళ్లెవురికీ జుట్టు పెంచలేదు. వాడు మొక్కింది ఆ కుర్చీకి కాదు. మీకు."

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని వాడి జుట్టు వైపు చూశాడు. లారీలు పోతూనే ఉన్నాయి. తరువాత చిన్న గొంతుతో, అప్పటిదాకా మాట్లాడిన ఢిల్లీ తెలుగు వదిలేసి, మా తెలుగులో అడిగాడు.

"నాకా? నా పేరు సెప్పే మొక్కినాడా?"

"పేరూ ఊరూ సెప్పి మొక్కినాడు సార్. వెధవ" అన్నాను.

"నా సర్వీసంతా నాకు దండం పెట్టినోళ్లు ఎంతోమంది. ఛార్జి అప్పగించిన మర్నాటికి ఒక్కరూ లేరమ్మా" అన్నాడు. తరువాత గడియారం చూసుకుని, "విమానం పోతాది" అన్నాడు.

"విమానం రేపూ వస్తాది సార్. ఆషాడం పోయిందంటే మా వాడి పెళ్లి మళ్లీ రాదు."

ఆయన ఆటోలో సర్దుకుని కూర్చుని, "పోనీ నాయనా" అన్నాడు.

మేము ఊరు చేరేసరికి కబురు మాకంటే ముందే చేరింది. కుప్పయ్య అంగడి ముందు ఊరంతా ఉంది. పెద్దాయనకు కూర్చోవడానికి ఏదో ఒకటి వేయాలి కదా, అందరూ కలిసి ఆ నల్లరాతి బెంచీ మీదే కూర్చోబెట్టారు. ఆయన కూర్చోబోతూ దాని మీద తన పేరు చూశాడు. కుప్పయ్య ముఖం మాడిపోయింది. ఆయన మాత్రం అక్షరాల మీద చెయ్యి వేసి, "నా పేరు ఎక్కువ కాలం ఉండిన కుర్చీ ఇదొక్కటే" అని కూర్చుని కాఫీ తాగాడు.

రిబ్బను లేదు. నా లైనింగు గుడ్డలోంచి ఎర్రది ఒక పట్టీ చింపాను. కత్తెర నాదే, జాకెట్ల కత్తెర. అందరం వంతెన దగ్గరికి పోయాం. అవతలి కొసన, రెండో రేకు వెనక, ధనంజయా కోనపాళెం వాళ్లూ నిలబడి ఉన్నారు. వాళ్ల మధ్య హేమశ్రీ కూడా ఉంది. గోడౌన్ నుంచి ఎట్లా వచ్చిందో నేను అడగలేదు.

యోగానంద పట్టీ కత్తిరించే ముందు మాట్లాడతానన్నాడు. ఇక చూడండి. మండుటెండ. మన శాఖ అని మొదలుపెట్టేవాడు, నాలిక్కరుచుకుని ఆ శాఖ అనేవాడు. దేశంలో ఎన్ని వంతెనలు కట్టించాడో, వాటిలో ఎన్నింటిని తానే తెరవబోయి తెరవలేకపోయాడో అన్నీ చెప్పాడు. ముసలివాళ్లు గొడుగుల కింద నిద్రపోయారు. మా నాయన ఒక్కడే చెవి రిక్కించి వింటున్నాడు. మనిషి పార్టీ గెలిచిన రోజు కదా. చివరికి మా అమ్మ లేచి, "సార్, పిల్లోడికి పెళ్లీడు దాటిపోతా ఉండాది" అంది. ఆయన నవ్వి పట్టీ కత్తిరించాడు.

అప్పుడు రేకు తీయాలి. మునికుమార్ గడ్డపార తెచ్చాడు, ఇంకొకడు సుత్తి తెచ్చాడు. దగ్గరికి పోయి చూస్తే ఆ రేకును కట్టింది ఒక్క తీగతో. వేలితో మెలి విప్పితే వచ్చేసింది. రెండు వానాకాలాలు మేము ఆ తీగకు ఇవతల నిలబడి, ఢిల్లీలో ఎవరు ఉంటారు, ఎవరు పోతారు అని టీవీ చూస్తూ కూర్చున్నాం. ఎవరో దొర రావాలనుకున్నామే గానీ ఒక్కరం వెళ్లి ఆ తీగ ముట్టుకోలేదు. నాకు సిగ్గేసింది. ఆ క్షణాన ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు.

అవతలి రేకు తీగను ధనంజయే తన చేత్తో విప్పాడు. వంతెన మీద నడిచి వచ్చి యోగానందకు దండం పెట్టి, మా నాయన భుజం మీద చెయ్యి వేశాడు.

"అయ్యవారికి కబురు పెట్టు బావా. ముహూర్తం సూస్తాం" అన్నాడు.

బావా అన్నాడు. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

అప్పుడు వచ్చాడు గిరిప్రసాద్, బండి మీద దుమ్ము లేపుకుంటూ.

"ఎవుర్ని అడిగి తెరిసినారు? కేసులైపోతాయి" అంటూనే యోగానందను చూశాడు. చూడగానే మనిషి నిటారుగా నిలబడిపోయాడు. చెయ్యి నుదుటి వైపు లేచింది. సగంలో ఈయన ఇప్పుడు ఏమీ కాదని గుర్తొచ్చి ఆ చెయ్యిని ఏం చేయాలో తెలియక తల గోక్కున్నాడు.

"ఏముందప్పా" అన్నాను. "కార్యదర్శిగారు వచ్చి తెరిసినారని పైకి రాసి పంపించు. అబద్ధమేమన్నా ఉందా?"

అతను కొంచెం ఆలోచించి అట్లాగే రాసి పంపించాడు. ఏ కార్యదర్శి అని పైనుంచి ఎవరూ అడగలేదు. అడగాల్సిన ఆయనను అప్పటికే మార్చేశారట.

మర్నాడే మా వాడు కొండకు పోయి నీలాలిచ్చి వచ్చాడు. నున్నటి గుండుతో, తెల్లబోయిన మొహంతో ఆటో దిగితే ఒక క్షణం నేనే గుర్తుపట్టలేదు. హేమశ్రీ మాత్రం వంతెన అవతలి కొస నుంచే గుర్తుపట్టింది. దగ్గరికి వచ్చి, చెయ్యి చాపి, క్లిప్పు అడిగి తీసుకుంది.

పెళ్లి కోనపాళెంలో, ఆషాఢానికి ముందే జరిగింది. మేమంతా మేళతాళాలతో వంతెన మీద నడిచే పోయాం. ఇసుకలో కాదు. యోగానంద అప్పటికే ఢిల్లీ వదిలి చిత్తూరు చేరాడు, అక్కణ్నించే వచ్చాడు. ఇప్పుడు ఆయన నెలకోసారి మా ఊరికి వస్తున్నాడు. మంచినీళ్ల ట్యాంకు తెరిచాడు, కుప్పయ్య అంగడికి వేసిన కొత్త వరండా కూడా ఆయనే తెరిచాడు. రిబ్బను గుడ్డ నేనే ఇస్తాను. ప్రసంగం మాత్రం మా అమ్మ లేచేదాకా అని ఒప్పందం.

ఆ పెళ్లిలో తాళి కట్టాక అందరూ అక్షింతలు వేస్తున్నారు. నూరేళ్లు చల్లగా ఉండండని పెద్దవాళ్లు దీవిస్తున్నారు. యోగానంద వంతు వచ్చింది. పిల్లలిద్దరూ వంగి కాళ్లకు దండం పెట్టారు. ఆయన పిడికిట్లో అక్షింతలు పట్టుకుని వేయకుండా నిలబడిపోయాడు.

"ఏం సార్?" అన్నాను పక్కనుంచి.

"నూరేళ్లంట ప్రశాంతమ్మా" అన్నాడు. "నా బతుకులో నేను తీసుకున్న ఆర్డరూ, నేనిచ్చిన ఆర్డరూ, ఒక్కటీ 'లేదా తదుపరి ఉత్తర్వుల వరకు' అనే ముక్క లేకుండా లేదు. అది లేకుండా ఎట్ల సెప్పాల్నో నోరు తిరగడం లేదు."

వంగి ఉన్న హేమశ్రీకి ఆ మాట వినబడింది. తల ఎత్తకుండానే జవాబు చెప్పింది.

"మాకు తదుపరి ఉత్తర్వులు ఉండవు సార్. నడుం నొప్పి పుడతా ఉండాది, వేసేయండి."

ఆయన పిడికిలి విప్పాడు. అక్షింతలు మా వాడి గుండు మీద పడి జారాయి, ఆ పిల్ల జడలో ఎర్ర క్లిప్పు దగ్గర కొన్ని ఆగాయి. నూరేళ్లు అన్నాడు. ఆ తరువాత ఇంకేమీ కలపలేదు.